వత్తు లేని ఉప్పు

తిరువల్లిక్కేణిలో మ్యాన్షన్ మూడో అంతస్తు.
కిటికీ కింద నా పరిశోధన పారుతుంటుంది.
పారడం అనకూడదేమో,
నిలబడి నల్లబడుతుంటుంది.
కాలువ గుండెల్లో స్తంభాలు దించి
పైన రైలు నడుపుతున్నారు.

నాలుగేళ్ళ చదువంతా ఒకే ఒక్క ఫైలు.
బొమ్మల్లేవు, రంగుల్లేవు, ఉత్త అక్షరాలు.
ఒక్కో వ్యాసానికీ ఒక్కో పేరా,
పేరా చివర
చిన్నప్పుడు సున్నా ఇంటూ ఆడుకున్న గడి,
గడి పక్కన ఒక మాట:
#కాలువ #పడవ #సుంకం #ఉప్పు
#సగమే_చదివా
#తర్వాత
ఈ చివరిదాంట్లో మూడు వందల పన్నెండు.
కనపడిందల్లా లోపల పడేసి తలుపు నెట్టేయడం
మా ఇంటి అటక దగ్గరే నేర్చుకున్నాను.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
బ్యాటరీ ముప్పై శాతం.
గుర్తులన్నీ అక్షరక్రమంలో దించి చూస్తుంటే
ఉపనదికీ ఉప్పుకీ మధ్య
'ఉపు'.
నేనే, ఏ నిద్రమత్తులోనో వత్తు మరిచాను.
రెండేళ్ళుగా ఆ ఒక్క పద్దు
పంక్తిలో చోటు దొరకని చుట్టంలా
గుమ్మం దగ్గరే నించుంది.

తెరిస్తే వ్యాసం కాదు.
"బేసిన్ బ్రిడ్జి, ఇడ్లీ బండి చెంగమ్మ.
వాళ్ళ తాత పడవ లాగేవాడట. అడగాలి."

తెల్లారి వెళ్ళాను.
బండి ఉంది. చెంగమ్మ ఉంది.
అరవం కింద నెల్లూరు ఇంకా ఆరలేదు.
"ఉప్పొక్కటేనా అబ్బయా?
సర్వి కట్టెలు, గుల్ల,
ఒకసారి పెండ్లికూతురు గూడా!
గాలి పడిపోతే తాడు భుజానేసుకోని
గట్టెంబడి నడిచేవోడు.
ఆ భుజం మింద మమ్మల్ని ఎక్కనిచ్చేవోడు గాదు,
పుండు."
నా చేతిలో పెన్ను ఆగిపోతే
ఇంకో ఇడ్లీ వేసింది. డబ్బులు మాత్రం తీసుకుంది.

తిరిగొచ్చి పద్దు దిద్దాను.
రచయిత: చెంగమ్మ.
సంవత్సరం: పెద్ద గాలివానకి ముందు.
ప్రచురణ: ఇడ్లీ బండి, ఎడమవైపు బల్ల.
పుట దగ్గర చాలాసేపు ఆగి
'కుడి భుజం' అని రాశాను.
ఎడమో కుడో అడగనేలేదు.
గైడు ఎలాగూ కొట్టేస్తారు.

#సర్వి, #గుల్ల కొత్తగా చేరాయి.
ఆ పుండుని ఏ మాట కింద పెట్టాలో
ఇప్పటికీ తోచలేదు.

ఉపుకి వత్తు పెట్టాను.
#తర్వాత చెరిపాను.
మూడు వందల పదకొండు.
కిటికీ ముందు నుంచి రైలు వెళ్ళింది,
మధ్యాహ్నం కదా, దాదాపు ఖాళీగా.