మూడంగుళాలు

తాడ్వాయి నుంచి కుర్సం బుచ్చిరాములు
కమాండర్ జీపు తోలుకొని వచ్చేసరికి
ఆటోనగర్ల షట్టర్లు ఇంకా సగమే లేచినయి.
ముందు సీట్ల మేనత్త ముత్తక్క,
దిగి, పాత టైరు మీద కూసొని, వక్క నోట్లేసుకున్నది.
ఆయన చాయ్ గ్లాసు పట్టుకొనే
డోరు మీద గీత చూపిండు:
"మొన్నటి వానకు వాగు గీడిదాంక వచ్చింది."
సీటు గుడ్డ పిండితే ఇంకా ఒండ్రు వాసన.

మూడంగుళాలు లేపాలె అన్నడు.
ఉన్నదున్నట్టు చెప్పిన:
అన్నా, లేచేది బాడీ ఒక్కటే.
ఛాసిస్ ఉన్నకాడనే ఉంటది.
యాక్సిలుకు తగిలే రాయి తగుల్తనే ఉంటది.
రేపు పెద్ద టైర్లు ఎక్కిస్తే అప్పుడు ఇంకింత ఎత్తు, గంతే.
వాగు నాకేం మాటియ్యలే.

ఆయన నవ్విండు.
"ఇయ్యకున్నా మంచిదే.
దవాఖానకు వోయే ఆడోళ్ళు
మోకాళ్ళదాంక తడిసేది
చీలమండలకాడ ఆగితే సాలు."

పది బోల్టులు, పందొమ్మిదేండ్ల తుప్పు.
రాత్రంత డీజిల్ తాగిచ్చి పెట్టిన.
తెల్లారి ఎనిమిది
పంపకాలు తెగిన పాలోళ్ళ లెక్క ఎవలి తొవ్వన వాళ్ళు వోయిన్రు.
తొమ్మిదోది మూలుగుకుంట వచ్చింది.
పదోది, డ్రైవరు కాళ్ళ కిందిది,
నెత్తి తెగి పానాలనే ఉండిపోయె.
గ్రైండరు వెట్టి కోస్తుంటే
రవ్వలు నా చెప్పులల్ల వడ్డయి.
"ఉస్తాద్, కాలు!" అన్నడు ఇలియాస్.
కాలు సంగతి నాకెరుక, నువ్వు జాకీ సూడుబే.

జాకీ నెత్తిన టేకు చెక్క వెట్టి
ఒక పక్క మెల్లగ, మెల్లగ.
ఒక్కటి లేస్తే దాని సుట్టాలన్నీ అలుగుతయి:
స్టీరింగు రాడ్డు పొట్టిగైంది,
డీజిల్ గొట్టం కొంగ లెక్క మెడ సాపింది,
రేడియేటరు పైకి వోయి దాని డొప్ప ఫ్యానుకు రాకవట్టె,
గేరు రాడ్డు గుంతల దిగినట్టు కానొచ్చె.

బాడీకి ఛాసిసుకు నడుమ సందు తెరుసుకున్నది,
పందొమ్మిదేండ్ల సంది ఎండ సూడని జాగ.
టార్చి కొట్టినం:
పలిగిన గాజుముక్క,
మిరప తొడిమెలు, మంగపేట కూలోళ్ళవి కావొచ్చు,
జాతర బంగారం, గోళీ అంత,
చీమలు సుత ముట్టలే, రాయైంది.
ఒక దవాఖాన చీటి.
పేరు నీళ్ళల్ల వోయి తారీఖు మిగిలింది.
బుచ్చిరాములు అన్నిట్ల అదొక్కటే తీసి
ఊది, మడిచి, అంగి జేబుల వెట్టుకున్నడు.
నేను అడుగలే.

లేతు మీద తిప్పిచ్చిన నల్ల నైలాను బిళ్ళలు,
నడుమ బొక్క, అచ్చం గారెలు.
ఇలియాస్ ఒకటి కొరికినట్టు చేసి
నాతోని ఒక దెబ్బ తిన్నడు.
పది బిళ్ళలు, పది పొడుగు బోల్టులు,
రాడ్డుకు జోడింపు, గొట్టానికి కొత్త పైపు.
పొద్దుగూకింది.

తాళం తిప్పితే
టక్కుమని కూడ అనలే.
బ్యాటరీ సూసిన, ఫ్యూజులు సూసిన,
నా అయ్యను యాది చేసుకున్న.
గంటకు దొరికింది:
లేపే తొందరల ఎర్త్ వైరు తెంపినం.
జానెడు తీగె అతికిచ్చినంక
నల్లపొగ ఇడిసి అందుకున్నది.

అందరం సంబురపడుతుంటే
ముత్తక్క లేసి జీపు కాడికొచ్చింది.
కాలెత్తింది. అందలే.
రెండో కాలెత్తింది.
మా దిక్కు మర్రి సూసి అన్నది:
"వాగు ఎక్కకుండ చేసిన్రు సరే బిడ్డా,
నేనెట్ల ఎక్కాలె?"

ఎవలం మాట్లాడలే.
మూల వడ్డ పాత బంపరు కోసి
మెట్టు వంచి వెల్డింగు చేసిన,
తలుపు కింద, జానెడు దిగువకు.
దాని పైసలు బిల్లుల రాయలే.
ముత్తక్క ఎక్కి కూసొని కొంగు సదురుకున్నది.
జీపు ములుగు రోడ్డుకు మర్రింది.
వాగొస్తే మొదలు తడిసేది
ఆ మెట్టే.