తొమ్మిది చుట్లు

బోరు ఎండి, మోటారు ఉత్తగనే తిరిగి కాలిపోతే
మల్లేపల్లి చౌరస్తల నా దుకాణానికి తెస్తరు.
కాలిన రాగి వాసన మీదనే నా ఇంట్ల కూడు ఉడికేది.
గిరాకి ముందు ఈ మాట అనలేను.
కాయితం ముందు అనొచ్చు.

కొత్త తీగ చుట్టంగ మిగిలిన కొసలు
బిస్కెట్ల డబ్బాల దాస్తుంటి, ఎందుకో ఎరుక లేకనే.

జానయ్యది మర్రిగూడ దిక్కు.
చిన్నప్పుడు తాగిన నీళ్లు ఎముకలల్ల ఎక్కి కూసున్నయి.
మెడ తిరగదు.
వెనుక నుంచి పిలిస్తే మనిషికి మనిషే తిరగాలె,
గడియారంల చిన్నముల్లు తీరు.
"నిద్ర పట్టదు, రాత్రిపూట పనేదన్న చెప్పు" అన్నడు.

పాత కిటికీ చెక్కలు రెండు, కూడిక గుర్తు లెక్క కొట్టినం.
నాలుగు కొసలకు రంపంతోని గాట్లు.
తొమ్మిది చుట్లు.
పదోది చుడితే డయలు పైకొస దొరకదు,
ఎనిమిదికి ఆపితే కిందికొస పోతది.
సచ్చిన వాల్వు రేడియోల నుంచి కండెన్సరు పీకి అతికినం.
మజా ఏందంటే,
ఈ తీగ రేడియోకు తగలనే తగలదు.
పక్కన పెడితే చాలు,
పక్కింట్ల పోపు పెడితే మనింట్ల ఆకలైనట్టు
ట్రాన్సిస్టరుకు ప్రాణమొస్తది.

మొదటి రాత్రే తెలిసింది:
చౌకట్టు మొకం స్టేషనుకు చూపిస్తే అది మూగబోతది.
అంచు చూపిస్తేనే పలుకుతది.
"అచ్చం మా బామ్మర్ది" అన్నడు జానయ్య.

హైదరాబాదుకు మొకం చూపించినం.
అంత లావు స్టేషను
దోమంత అయ్యింది.
ఆ సందులకెల్లి, తూర్పుకెల్లి, పడమటికెల్లి
ఎవరెవరో వచ్చుడు మొదలైంది.
ఒకామె పాట సగంల మునిగి
ఇంకొకాయన ప్రార్థనల తేలేది.

పదకొండు దాటితే పొలాలకు త్రీఫేజు.
స్టార్టర్లు పడ్డకొద్ది రేడియో నిండ కందిరీగలు.
ఓ రాత్రి సబ్‌స్టేషన్ల ఢాం అన్నది.
చీకటి. బాయిలకాడ తిట్లు వినపడ్డయి.
మడి సగం తడిసి ఆగింది.
రేడియో మాత్రం కడిగిన గాజుగ్లాసు.
"ఇంకో గంట రానియ్యకు" అని మొక్కిన,
ఎండుతున్నది ఎవరి నారో ఎరుకుండి గూడ.

ఆ గంటలనే దొరికిండు,
సముద్రం అవతల వార్తలు చదివేటోడు.
భాష రాదు. ఊరి పేర్లు తెల్వయి.
చదువుతా చదువుతా ఆగి
రెండుసార్లు దగ్గిండు. నీళ్లు తాగిన చప్పుడు.
మళ్ల చదివిండు.

చిరునామా మాత్రం ఇంగ్లీషుల చెప్పేటోళ్లు.
ఒక రాత్రి వీధి పేరు, ఇంకో రాత్రి పోస్టుబాక్సు,
మూడోనాటికి అంకెలు.
ట్యూషను సారుతోని ఉత్తరం రాయించినం.
ఏం విన్నరో రాయాలె అన్నడు సారు.
మేం విన్నది ఒక్కటే:
"రెండూ పదికి రెండుసార్లు దగ్గు. తర్వాత నీళ్లు."
సారు పెన్ను పెట్టి మమ్ముల చూసిండు.
రాసిండు.

అయిదు నెలలకు కార్డొచ్చింది.
నల్లగొండ అక్షరాలు అడ్డదిడ్డం,
అయినా పోస్టుమన్ లచ్చయ్యకు అర్థమైంది.
బొమ్మ మీద ఏదో వంతెన. వెనుక రెండు వరుసలు:
మీరు విన్నది నిజమే.
ఆ రాత్రి ఆయనకు జలుబు.

నేను కార్డును దుకాణంల గోడకు అంటిద్దామన్న.
జానయ్య ఇయ్యలె.
అటు తిప్పి ఇటు తిప్పి చూసి,
"తగ్గిందో లేదో రాయలేదేంది?" అన్నడు.

ఆ రాత్రి నేను బల్ల మీదనే ఒరిగిన.
మెడ తిరగని మనిషి
చౌకట్టును వేలితోని జరంత జరంత తిప్పుతా కూసున్నడు.
రెండు దాటినంక భుజం తట్టి లేపిండు.

"ఇంక దగ్గుతనే ఉన్నడు."