నాలుగు వేళ్ల జాగ

రైస్ మిల్లోళ్లు పంచిన క్యాలెండర్ వెనక
స్కేలు పెట్టి గీసిన నా టైంటేబుల్‌ని.
ఫిజిక్స్‌కు నాలుగు గంటలు, కెమిస్ట్రీకి నాలుగు,
బాటనీకి, జువాలజీకి చెరి మూడు,
కాలేజీకి ఆరు, కోచింగ్‌కు మూడు,
వేములపల్లి నుంచి మిర్యాలగూడకు
పోను రాను ఒకటిన్నర,
నిద్రకు నాలుగు.
కూడితే ఇరవై ఎనిమిదిన్నర.
అన్నం తినుడు ఇంకా రాయనే లేదు.
మళ్లా కూడిన.
లెక్క తప్పలే, రోజే తప్పింది.

పదో తరగతి దాకా తెలుగుల చదివినదాన్ని.
పత్రహరితం నా పక్క బెంచీ దోస్తు.
ఇప్పుడది క్లోరోఫిల్ అని పేరు మార్చుకొని
పట్నం చుట్టం లెక్క
కుర్చీ అంచు మీద కూసుంటది.
ప్రతి పాఠం రెండుసార్లు చదవాలె,
ఒకసారి అర్థానికి, ఒకసారి స్పెల్లింగుకు.
ఆ రెండోసారిని
ఏ గడిల రాయాలె?

పన్నెండు కపాల నాడుల్ని
ఆటో దిగిన కాడి నుంచి కాలేజీ గేటు దాకా
దుకాణాలకు తగిలించుకుంట పోయిన.
మొదటిది వాసనది, మిర్చి బజ్జీల బండి.
రెండోది చూపుది, కండ్లద్దాల షాపు.
ఏడోది మొఖానిది, ఫోటో స్టూడియో.
ఎనిమిదోది చెవిది, బ్యాండు మేళపోళ్ల గది.
పదోదానికి దుకాణం దొరకలే.
గుండె కాడికి, పేగుల కాడికి
ఊరంత తిరిగే నాడి అది,
మటన్ కొట్టు ముందట తిరిగే కుక్కకు ఇచ్చిన.
ఆదివారం పరీక్షల
ఏడోది ఎంతకూ యాదికి రాలే.
పొద్దున పోయేటప్పుడు
స్టూడియో షట్టర్ దించి ఉండె.
నస్రీన్ కడుపు పట్టుకొని నవ్వింది,
నీ మెదడుకు గూడ ఆదివారం సెలవే అని.

రికార్డుల వేరు అడ్డుకోత బొమ్మ.
గీతలతోని కాదు, చుక్కలతోని నీడ తేవాలె.
డాబా మీద కూసోని పెడుతుంటే
మిల్లు గొట్టం నుంచి ఊక బూడిద రాలి
నేను పెట్టని చుక్కలు పడ్డయి.
ఊదితే చెదిరినయి, తుడిస్తే అంటినయి.
జానయ్య సారు కండ్లద్దాలు పైకి జరిపి
"ఈ కణజాలం పేరేందమ్మా" అన్నడు.
"మిల్లు సార్" అన్న.
కాసేపు చూసి సంతకం పెట్టిండు.

నాయిన ఆ మిల్లులనే హమాలీ.
రాత్రి పదకొండు దాటినంక వచ్చి
భుజం మీది తువ్వాల దులుపుకుంట
క్యాలెండర్ దిక్కు చూసిండు.
అక్షరాలు రావు గని
గడులు నిండినయో లేదో తెలుస్తది ఆయనకు.
"గిట్ల కుక్కినవేంది బిడ్డా?"
"నువ్వే చెప్తివి గద,
సంచి నిండిందనుకుంటే
రెండుసార్లు నేలకేసి కుదుపు,
ఇంకో రెండు చాటలు పడతయని."
ఏమనలే.
కాళ్లు కడుక్కున్నడు, అన్నం తిన్నడు,
పచ్చిపులుసు గిన్నె వంచుకొని తాగిండు.
పండబోయేటప్పుడు, గోడ దిక్కు తిరిగి,
"మూతి కాడ నాలుగు వేళ్ల జాగ ఇడువకుంటే
దబ్బనం యాడ గుచ్చుతవ్?
కుట్టు పడని సంచి
లారీ ఎక్కదు" అన్నడు.
అంతే. గురక మొదలైంది.

ఏ గడిని కొట్టెయ్యాలె?
ఒక్కొక్క దాని మీద పెన్ను పెట్టి తీసిన.
అన్నీ మార్కులే, అన్నీ భయాలే.
ఆఖరికి కండ్లు మూసుకొని
నాలుగు వేళ్లు ఆనించిన.
తెరిస్తే వేళ్ల కింద ఆర్గానిక్ కెమిస్ట్రీ.
కడుపుల ఏదో జారింది.
అయినా చెయ్యి తియ్యలే.

తెల్లారి ఆ గంటల
అమ్మను మెట్టు మీద కూసోబెట్టి తల దువ్విన.
మిల్లు వాకిలి ఊడ్చి వచ్చిన తల,
దువ్వెన పండ్ల నడుమ దుమ్ము.
దగ్గినప్పుడల్ల ఆమె వీపు
నా మోకాళ్లకు తాకుతుండె.
పుస్తకంల ఊపిరితిత్తి
గులాబి రంగుల ఉంటది.
చెవి వెనక నుంచి ఒక ఊక పొట్టు
నా అరచేతుల రాలింది,
తేలికగ, బంగారం రంగుల.

దాని మీద ఏ ప్రశ్నా రాదు.