సున్నా దగ్గర

సన్యాసినాయుడు మేస్త్రి టేపు మొనని
గోడ మూలకి ఆనించి, బొటనవేలితో నొక్కి
"సున్నా" అంటాడు.
నేను ఇటు నడుస్తాను, చదువుతాను:
పదకొండు మీటర్ల నలభై రెండు.
వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసు వెనక సందులో
ఏప్రిల్ ఉక్కలో
కాగితం మీద ముందు చెమటచుక్క పడుతుంది,
తర్వాత అంకె.

రెండేళ్ల కిందట జెనోవాలో
మొదటిరోజు క్లాసులో కొస్తాంజా మేడం
తలా ఒక తెల్లకాగితం పంచి
మీరు పెరిగిన ఇంటి గోడ మందం గియ్యమంది.
జ్ఞాపకం నుంచి. నిజం కొలతలో.
నాకు ఆ ఊరి భవనాల తేదీలన్నీ వచ్చు.
ఏ గుమ్మటం ఏ శతాబ్దానిదో
విమానంలో కూడా వల్లెవేస్తూనే వెళ్లాను.
సీతమ్మధారలో మా ఫ్లాటు గోడ
నాలుగంగుళాలో తొమ్మిదో
తెలీలేదు.
ఒక గీత గీశాను. రెండోదానికి
ఎంత ఎడం వదలాలో తోచక చెయ్యి ఆగిపోయింది.

అదీ రేవు పట్నమే. అక్కడా ఇళ్లు
కొండ దిగుతూ దిగుతూ సముద్రంలో కాళ్లు పెడతాయి.
సందుల్లో గొడుగు విప్పితే
రెండు గోడలకీ తగులుతుంది.
అక్కడ లేని కిటికీలకి రంగులేస్తారు.
ఉత్త గోడ మీద రెక్కలు, రెక్కల నీడ,
ఒకచోట గట్టు మీద పడుకున్న పిల్లి కూడా.
నా గది ఎదురుగా అలాంటిదే ఒకటి.
ఎవరైనా తీస్తారేమోనని
ఫిబ్రవరి దాకా చూశాను.

ఇక్కడ తిరకాసు వేరు.
మేడ మీద పడమటి గోడలో కిటికీ ఉంది,
ఇటుకలతో పూడ్చేశారు.
వేలి కణుపుతో కొడితే డొల్లగా పలుకుతుంది.
"నానే మూసినాను తల్లీ," అన్నాడు మేస్త్రి.
"హుద్‌హుద్ వొచ్చిన యేడు. రెక్కలు రెండూ
గాలికి లెగిసిపోయి కురుపాం మార్కెట్టు కాడ తేలినాయి.
సిమెంటుతో కట్టేసినాను. సున్నం గోడకి
సిమెంటు ఊపిరాడనీదు.
సూడు, సుట్టూరా ఎలాగ ఉబ్బిపోనాదో."

ఉప్పు. పొడిపొడిగా, తెల్లగా.
నాలిక్కి అంటించుకుని చూశాను.
జెనోవా గోడల ఉప్పూ ఇదే రుచి.
దాని మీద పద్నాలుగు పేజీలు రాసి
మంచి మార్కులే తెచ్చుకున్నాను.

ఒకప్పుడు ఓడల సరుకు లెక్కలు రాసే
గుమస్తాల కచేరీ అట ఇది.
ఇప్పుడు కింద వలలు బాగుచేస్తారు,
పైన పావురాలు, కాలు విరిగిన పడకకుర్చీ.
రోడ్డు వెడల్పు చేస్తారట.
ముందు గోడ మీద ఎర్రరంగు బాణం,
పక్కన నాలుగున్నర మీటర్లని రాసుంది.
ఎవరు కొలిచారో గానీ
వాళ్లకీ టేపు మొన పట్టుకున్నవాడు
ఒకడు ఉండే ఉంటాడు.
ఆ బాణాన్నీ ప్లానులోకి ఎక్కించాను.
ఉన్నది ఉన్నట్టు గియ్యమనే కదా నేర్పారు.

"మరి ఆ కిటికీ?" అన్నాడు మేస్త్రి, మెట్లు దిగబోతూ ఆగి.
"తీసున్నట్టు గీత్తావా, మూసినట్టా?"
మా చదువులో చుక్కలగీత అని ఒకటుంది.
కూలిపోయినదానికీ అదే,
ఇంకా కట్టనిదానికీ అదే.
చెప్పాను.
చుట్ట వెలిగించుకుని, రెండు దమ్ములు లాగి
"సవకైన గీతే," అన్నాడు.

హార్బరులో ఓడ కూసింది.
ఇంకొక్క కొలత మిగిలింది. గోడ మందం.
పక్క కిటికీ గూట్లో టేపు మొన నిలవలేదు,
ఆనిస్తే పెచ్చులు రాలుతున్నాయి.
జానతో కొలిచాను.
జానెడు, ఇంకో జానెడు, మీద బెత్తెడు.
గానుగ సున్నం గోళ్లలో ఇరుక్కుంది.

రాత్రి ఇంటికెళ్లాక
అన్నానికి చెయ్యి కడుక్కోబోయి, కడుక్కోకుండా
వంటింటి గుమ్మం దగ్గర నిలబడి తమ్ముణ్ణి పిలిచాను.
చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి
విసుగ్గా వచ్చాడు.
టేపు మొన చేతికిచ్చాను.
"ఏం పట్టుకోవాలి?"
"సున్నా."