జాయింటు

రాజోలు కోర్టులో సాక్షి బోను కొయ్య
ఎందరో పట్టీ పట్టీ నున్నబడిపోయింది.
నేనూ పట్టుకున్నాను.
పేరు దానియేలండి. కరెంటు పని.
మా పేటలో బల్బు మాడినా
జోగిరాజు గారి చెరువులో ఏరేటరు ఆగినా
నన్నే పిలుస్తారు.

ఆ బుధవారం రాత్రి ఆగింది.
రొయ్యకి గాలాడకపోతే గంట, గంటన్నర.
ఆపైన తెల్లారి తేలేది నలభై లక్షలు.
ఫోన్లో రాజుగారి గొంతు వణికింది.
వెళ్ళాను.
గట్టు మధ్యలో, ఎండ్రకాయ బొరియ పక్కన
తెగి ఉంది తీగ.
రెండు కొసలూ మెలిపెట్టి టేపు చుట్టాను.
రీలులో మిగిలింది ఒకటిన్నర చుట్టు.
"రేపొచ్చి గొట్టంలోంచి లాగుతానండి" అన్నాను.
"ముందు తిప్పవయ్యా" అన్నారు.
తిరిగింది. చీకట్లో నీళ్ళు తెల్లగా నురగ కక్కాయి.
రేపు అన్నది బేస్తవారం, ఇంకో చెరువు పిలిచింది.
శుక్రవారం వాన.

శనివారం పొద్దున్నే మోరు నాంచారయ్య,
నర్సాపురం రేవులో పంటెక్కించి దాటించిన
ఆరొందల బాతులతో వచ్చాడు.
కర్ర కొసన ప్లాస్టిక్ సంచి జెండా.
బాతులు బోదెలో దిగి ఈదుకుంటూ పోయాయి.
ఆయన గట్టు మీద ఆగిపోయాడు.

రాజుగారి లాయరు కోటు సర్దుకుని లేచాడు.
ఎవరీ నాంచారయ్య?
మా కక్షిదారుకి చుట్టమా, పాలేరా, కౌలుదారా?
కాగితం రాసుకున్నారా? రమ్మని పిలిచామా?
గట్టు మాది, తీగ మాది.
ముక్కూ మొహం తెలీని మనిషికి
మేమేం బాకీ?

సబబుగానే తోచింది నాకు.
నేను మాత్రం ఏం బాకీ?
ఆయనతో ఒక్క బీడీ పంచుకున్నవాణ్ణి కాదు.

అవతలి లాయరమ్మ చిన్నపిల్ల,
జలుబుతో గొంతు బొంగురు.
తప్పెవరిదని అడగలేదు.
"టార్చి పట్టుకున్నారు కదా,
వెలుగు ఎక్కడ పడింది?"
తీగ మీదండి.
"తీగ కింద?"
మట్టండి.
"మట్టి మీద?"

ఫ్యాను తిరుగుతోంది.
బంట్రోతు ఆవలించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఉన్నాయండి.
తోలు కట్టిన మూడేసి వేళ్ళ బాతడుగులు, వందలు.
వాటి వెనక మనిషివి.
ఎడమపాదం కాస్త బయటికి తిరిగి.
ఎండినవాటి మీద పచ్చివి,
అంటే మొన్నా నడిచాడు, ఇవాళా నడిచాడు.
టేపు చుట్టడానికి వంగినప్పుడు
ఒక అడుగులోనే మోకాలు ఆనించాను,
తడి తక్కువని.

"ఏమనుకున్నారు అప్పుడు?"
బాతులోళ్ళు వస్తున్నారు, అనుకున్నానండి.
"తర్వాత?"
టేపు చాలుతుందా, అనుకున్నానండి.

రాజుగారు నా వైపు చూడలేదు.
మేత జల్లడానికి పొద్దున్నే ఆయన వచ్చేదీ ఆ గట్టే,
ఆయన చెప్పులు పడేదీ ఆ అడుగుల మీదే.

జడ్జిగారు టైపు కొట్టే అమ్మాయికి
కామా కామా దగ్గర ఆగుతూ చెప్పారు:
చుట్టరికాన్ని బట్టి కాదు, కాగితాన్ని బట్టీ కాదు,
ఒకడు వస్తాడని తెలిసే చోట, తెలియవలసిన చోట,
వాడు రాకముందే...
"మళ్ళీ చెప్పండి సార్" అందా అమ్మాయి.
మళ్ళీ చెప్పారు.
తీర్పు పై నెలకి వాయిదా.

వరండాలో తిరపతమ్మ కూర్చునుంది.
బాతులు మూడొందల అరవై దొరికాయంట,
మిగతావి ఏ కాలవ పట్టి పోయాయో.
నన్ను చూసి లేచింది.
తిడుతుందనుకున్నాను.
"ఎడమకాలని ఎట్టా కనిపెట్టావయ్యా?" అంది.
"పదహారేళ్ళు కాపరం చేశాను.
నాకూ మా అత్తకీ తప్ప
ఎవరికీ తెలవదనుకున్నా."

నోరు పెగల్లేదు.

ఇప్పుడు నా సంచిలో మూడు రీళ్ళుంటాయి.
ఏ గట్టెక్కినా ముందు టార్చి కిందికే కొడతాను.
మొన్న మలికిపురం అవతల ఒక చెరువుకి వెళ్తే
వాన కడిగేసి గట్టంతా పలకలా ఉంది.
ఒక్క అడుగు లేదు, మనిషిదీ లేదు, పిట్టదీ లేదు.
ఆ జాయింటుకి
గంటసేపు చుట్టాను టేపు.