పదకొండు మిల్లీమీటర్లు

పర్లాకిమిడి ఆసుపత్రిలో
పురుళ్ల వార్డు దాటాక, మెట్ల కింద నా గది.
ఒక ఫ్రిజ్జు, ఒక ఇంక్యుబేటరు,
తెలుగులో మాట్లాడి ఒడియాలో రాసే నేను.

మంగళవారం చీము తడిసిన దూదిపుల్ల ఒకటి వచ్చింది.
పేరు: ఏలియా రయితా. వయసు పందొమ్మిది.
ఊరు మోహనా అవతల, కొండ మీద.
కుడి పాదం.
పక్కనే వేరే చేతిరాతలో: ఖైదీ.

రెండో నమూనాకి నేనే వెళ్లాను.
మంచం కోడుకి సంకెల.
కానిస్టేబులు కుర్చీలో కునుకు తీస్తున్నాడు.
ఇరవై కిలోల మూట నెత్తిన పెట్టుకుని
మూడు రాత్రులు నడిచాడట మహేంద్రగిరి వెనక దారిన.
మూట ఎవరిదో తెలీదన్నాడు.
కాల్లో దిగిన మేకు మాత్రం వాడిదే.

"నొప్పుందా?" అంటే
"రేత్తిరి లేస్తాది, పగలు పడుకుంటాది" అన్నాడు
పెంచుకుంటున్న పిల్లి గురించి చెప్పినట్టు.

మర్నాటికి పలక నిండా లేచాయి
సన్నటి పసుపు చుక్కలు.
పేరులోనే బంగారం పెట్టుకున్న పురుగు.
ఇంకో పలకలో మందుబిళ్లలు పేర్చాను, పెన్సిలిన్ మొదలుకొని ఐదు.
ఐదింటినీ ఒరుసుకుని కూర్చుంది,
పెళ్లి పంక్తిలో ముందే చోటు పట్టినవాడిలా.
రిజిస్టరులో ఆర్, ఆర్, ఆర్, ఆర్, ఆర్.
ఆరోది మా స్టోరులో లేదు.
బరంపురం నుంచి రావాలి.

అప్పుడు కనబడింది,
బిళ్లలు పెట్టని మొదటి పలకలో ఒక వార,
నువ్వుగింజలో సగం, ఆకుపచ్చ తునక.
మూటలోంచి రాలి, మడమకి అంటి,
చీములో నాని, దూదిపుల్లకి చుట్టుకుని
ఇంత దూరం వచ్చింది.
దాని చుట్టూ
ఏమీ లేదు.

స్కేలు పెట్టాను. పదకొండు మిల్లీమీటర్లు.
తలుపు గడియ వేసి మళ్లీ కొలిచాను.

చదివే ఉన్నాను ఈ సంగతి.
ఆ జిగురులో మత్తెక్కించని పదార్థాలూ ఉంటాయని,
మొండి పురుగుల పైపొరని చింపుతాయని,
గాజు మీద గెలిచాయని, ఎలకల దగ్గర కొంత గెలిచాయని.
మనిషి దగ్గరికొచ్చేసరికి
ఆ కాగితాలన్నీ గొంతు తగ్గిస్తాయి.
అదీ నిజమే.
గాజు మీద సబ్బునీళ్లు కూడా చంపుతాయి.

పట్నాయక్ డాక్టరు గారు కళ్లజోడు పైకి తోసి చూశారు.
"బూజై ఉంటుందమ్మా. నమూనా చెడిందని రాయి."
బూజే కావచ్చు.
రెండో దూదిపుల్ల శుభ్రంగా వచ్చింది,
ఆకు లేదు, ఖాళీ లేదు,
పసుపు చుక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ.

ఇంకో తునక ఉంటే తేలిపోను.
రోడ్డు దాటితే పోలీసు స్టేషను,
మాల్‌ఖానాలో కప్పుదాకా బస్తాలు.
ఒక్క ఆకు అడగాలంటే
ఢిల్లీ నుంచి కాగితం రావాలి.
మొత్తం కాల్చాలంటే ఒక్క అగ్గిపుల్ల.

గురువారం కాల్చారు,
జడ్జి గారి సంతకంతో, ఫోటోలు దిగి, ఊరి చివర గోతిలో.
గాలి ఇటే తిరిగింది.
బాలింతలు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.
కానిస్టేబులు దగ్గి, నవ్వి, కిటికీ మూశాడు.
ఏలియా మాత్రం ముక్కెగరేసి
"మాదే" అన్నాడు మెల్లగా.
సరుకునో కొండనో, నేనడగలేదు.

శనివారం బరంపురం బస్సులో మందు దిగింది.
అప్పటికే రెండు వేళ్లు తీసేశారు.
మిగతా కాలు నిలిచింది.
వాయిదా పదహారో తారీఖు.

పలకలన్నీ మూటగట్టి ఆటోక్లేవులో పెట్టాను,
నూట ఇరవయ్యొక్క డిగ్రీలు, పదిహేను నిమిషాలు,
మంచీ చెడ్డా కలిసి ఉడికాయి.

అంతకు ముందు, రిజిస్టరు చివరి పేజీలో,
పలక బోర్లించి, పెన్సిలుతో
ఆ ఖాళీ చుట్టూ గీత గీశాను, సరిగ్గా అంతే.
కింద పేరు రాయబోయి ఆగాను,
ఆకుదా, కుర్రాడిదా అని.

తారీఖు వేసి
పుస్తకం మూశాను.