మధ్య గింజ

శుక్రవారం తాడిపత్రిలో పాలిష్ మిషన్లకు కరెంటు సెలవు.
కాళ్ళమీద రాతిబురద తెల్లగా ఎండి
పొలుసులు పొలుసులుగా రాలతాంటాది.
మా రజియా పగిలిన నల్లబండ మీద
సుద్దముక్కతో గళ్ళు గీసి
అడ్డంగా మూడు చింతిత్తులు పెట్టింది.
“ఇప్పుడు సూడు నాయనా.”

ఆట కాదంట. ఎవరూ గెలవరు.
చుట్టూ ఎనిమిది గళ్ళల్లో
ఇద్దరో ముగ్గురో తోడుంటే గింజ బతుకుతాది.
తక్కువైతే ఒంటరితనం తినేస్తాది,
ఎక్కువైతే ఊపిరాడదు.
ఖాళీ గడికి సరిగ్గా ముగ్గురు దొరికితే
ఆడ ఒకటి పుడతాది.
తొందరపడి ఒకటి తీసి ఒకటి పెట్టకూడదు.
పోయేదాని పక్కన సుద్దచుక్క,
పుట్టేచోట శెనక్కాయ పొట్టు,
గుర్తులన్నీ అయినాక
చావూ పుట్టుకా ఒక్క దెబ్బకే.

చివరి రెండూ పోయినాయి.
పైనొకటి, కిందొకటి పుట్టినాయి.
పండుకున్న గీత లేచి నిలబడింది.
మళ్ళా చేస్తే, నిలబడింది పండుకుంది.
“ఇంతేనా?”
“ఇంతే. బండ అరిగేదాకా.”

నాది రాత్రి షిఫ్టు.
ఫక్కీరమ్మకు శెనక్కాయల మిల్లులో పగలు.
సద్దిగిన్నె చేతులు మారే గేటు కాడ
ఆమె ముఖం నాకు కనపడేది
సైకిల్ స్టాండు వేసేంత సేపు.
ఆమె లేచిపోయిన చాప
నేను నడుం వాల్చేసరికి చల్లారిపోయింటాది.

“ఈ నడిమిదాన్ని నువ్వు ముట్టనే లేదే?”
“దానికెప్పుడూ ఇద్దరుంటారు కదా నాయనా,
ఒకతూరి పక్కల, ఒకతూరి పైనా కిందా.”
“పోయినవే తిరిగొస్తాయా?”
“డబ్బాలో చేతికందింది తీస్తా. ఎవరు గుర్తుపడతారు?”

దగ్గు తెర వచ్చి పోయింది.
పొద్దున గడప తొక్కే మనిషి
రాత్రి చెప్పులేసుకున్నోడేనా?

ఊరుకోలేక నడిమిదానికి ఆనిచ్చి
నాలుగో గింజ పెట్టినా.
గీత గీతగా ఉండలేదు.
ఉబ్బింది, విచ్చింది, నడుమ బోలుపడింది.
పది మెట్లు ఎక్కకముందే
ఎదురెదురుగా నాలుగు బుడ్డ గీతలు,
మధ్యన ఖాళీ వాకిలి, అచ్చం మా సందు మాదిరి.
రెండు పండుకుంటే రెండు నిలబడతాండాయి.
ఒక ఇంట్లో దీపమారితే
పక్కింట్లో పొయ్యి ముట్టించినట్టు.

గేటు కిర్రుమంది.
ఫక్కీరమ్మ, తలనిండా శెనక్కాయ దుమ్ము.
సైకిలు ఎక్కాల్సిన పని నాకు లేదు.
లెక్క ప్రకారం ఇట్లా కాకూడదు.
ఉస్సురంటా బండమీదే కూలబడింది,
కొంగు తగిలి రెండు గీతలు చెదిరినాయి.
రజియా ఏమీ అనలేదు.
గింజలన్నీ ఊడ్చి డబ్బాలో పోసింది.
నడిమిది ఏదో
ఇప్పుడు నాకూ తెలీదు.